గుల్‌మార్గ్‌కు సొంత స్కీలు తీసుకెళ్తున్నారా? విమానం ఎక్కేముందు ఇవి చూసుకోండి

- దేశీయ విమానాల్లో ఎకానమీ చెక్-ఇన్ పరిమితి మామూలుగా 15 కిలోలే. బ్యాగును ఇంట్లోనే తూచి, ఎక్కువైతే ముందే ఆన్‌లైన్‌లో కట్టేయండి. పొడవాటి సామాను ఉందని ఎయిర్‌లైన్‌కు కూడా చెప్పి ఉంచండి.

- స్కీలు బాగా ఆరాలి, తడి మిగిలితే ఇనుప అంచులు తుప్పు పడతాయి. రెండింటి అడుగులు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో పాత తువాలు వేసి, రెండు చోట్ల స్ట్రాప్ బిగించండి. బైండింగుల (బూట్లను స్కీకి బిగించే క్లిప్పుల) చుట్టూ జాకెట్ చుట్టండి, దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే.

- బూట్లు మాత్రం చేతి సామానులోనే. బ్యాగు రాకపోతే స్కీలు అద్దెకు దొరుకుతాయి, మీ పాదానికి కుదిరే బూట్లు దొరకడమే కష్టం. బకిల్స్ పెట్టేసి, లోపల సాక్సులు కుక్కండి.

- పోల్స్ (స్కీయింగ్ చేతికర్రలు) క్యాబిన్‌లోకి రానివ్వరు.

- పవర్ బ్యాంక్, హీటెడ్ గ్లౌజుల విడి బ్యాటరీలు చెక్-ఇన్‌లో వేయొద్దు. అవలాంచ్ ఎయిర్‌బ్యాగ్ (మంచు చరియలు విరిగిపడితే ఉబ్బి కాపాడే బ్యాగు) గ్యాస్ సిలిండర్ ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి ముందే తీసుకోండి. కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు.

- ప్యాక్ చేసిన స్కీలకు ఫొటోలు తీసుకోండి. శ్రీనగర్‌లో దిగాక లగేజీ బెల్టు పక్కనే బ్యాగు జిప్పు తీసి చూసి, పగులు కనిపిస్తే బయటికి రాకముందే ఫిర్యాదు రాయించండి.