రైల్లో తీసుకెళ్లిన ట్రాక్ సైకిల్‌ను వెలోడ్రోమ్ దగ్గర ఎలా బిగించాలి

2016 రియో ఒలింపిక్స్ మహిళల స్ప్రింట్ ఫైనల్. జర్మనీ రైడర్ క్రిస్టినా ఫోగెల్ బెకీ జేమ్స్‌ను ఓడించి గీత దాటేసరికి ఆమె సైకిల్ సీటు ఊడిపోయింది. 11 ప్రపంచ టైటిళ్లు గెలిచిన మనిషికే అలా జరిగింది. కాజీపేటలో చక్రాలు, సీటు విప్పి సంచిలో కట్టి, హైదరాబాద్‌లోని ఓయూ వెలోడ్రోమ్ (సైకిల్ పందేల ట్రాక్) దగ్గర హడావుడిగా బిగించే మన బండికి ఇంకెంత జాగ్రత్త కావాలి?

సీటు పోస్ట్ విప్పకముందే, ఫ్రేమ్‌లోకి దిగే చోట దాని చుట్టూ నల్ల టేపు చుట్టండి. మళ్లీ పెట్టినప్పుడు ఎత్తు మారదు. సీటు కింది కమ్మీలకు పట్టిన దుమ్మును పొడిగుడ్డతో తుడవండి. గ్రీజు బోల్టు మరలకే, కమ్మీలకు అంటితే సీటు జారుతుంది. సీటును పట్టుకునే క్లాంప్‌కు రెండు బోల్టులుంటే ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదాని దగ్గరికి పోవద్దు, పావు చుట్టు చొప్పున మార్చి మార్చి తిప్పాలి. పోస్ట్ మీద టార్క్ (బిగింపు బలం) అంకె ఉంటే దాన్ని దాటొద్దు. తర్వాత సీటు ముక్కు మీద రెండు చేతులతో గట్టిగా నొక్కండి, వంగితే మళ్లీ మొదలు. పది ల్యాపులయ్యాక దిగి ఇంకోసారి చూడాలి. కొత్తగా బిగించిన బోల్టు కుదురుకునేది అప్పుడే.

వెనక చక్రానికి 15 మిల్లీమీటర్ల స్పానర్ కావాలి. పెడల్ తిప్పుతూ చైన్ ఎక్కడ ఎక్కువ బిగుతవుతుందో పట్టుకోండి, ఎందుకంటే చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) చాలాసార్లు నిఖార్సైన గుండ్రంగా ఉండదు. ఆ బిగుతు చోట వేలితో ఎత్తితే చైన్ సుమారు ఒక సెంటీమీటర్ ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి. వదులైతే చైన్ ఊడి చక్రం పట్టేస్తుంది, ఫిక్స్‌డ్ గేర్ (చక్రం తిరిగినంతసేపూ పెడల్ కూడా తిరిగే ఏర్పాటు) మీద అది నేరుగా పడటమే.

వెనక చక్రం మీది చిన్న పళ్ల చక్రం కాగ్, దాన్ని పట్టి ఉంచే రింగు లాక్‌రింగ్. లాక్‌రింగ్ మర ఎడమది, గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితేనే బిగుస్తుంది. మామూలు నట్టులా కుడికి తిప్పితే వదులై, కాళ్లతో వెనక్కి ఆపగానే కాగ్ విడుతుంది.

మొదటి రోజుకు 48 పళ్ల చైన్‌రింగ్, 15 పళ్ల కాగ్ చాలు. ఒక పెడల్ చుట్టుకు దాదాపు 6.7 మీటర్లు వెళ్తుంది. హన్మకొండ రోడ్ల మీద నడపాలంటే ముందు చక్రానికి బ్రేకు పెట్టాల్సిందే, ట్రాక్ మీదికి వెళ్లేముందు తీసేయాలి. అక్కడ ఆపడం కాళ్లతోనే, మెల్లమెల్లగా. కాళ్లు ఒక్కసారిగా ఆపితే పెడల్ మిమ్మల్ని ఎత్తి విసిరేస్తుంది.

ఇక తోటివారి సంగతి. 2018 జూన్ 26న జర్మనీలోని కాట్‌బుస్ ట్రాక్‌లో శిక్షణ వేళ ఫోగెల్ మరో రైడర్‌ను ఢీకొన్నారు. వెన్నుపాము దెబ్బతిని వీల్‌చెయిర్‌కు పరిమితమయ్యారు. అందుకే ట్రాక్ మీద నల్ల గీతకూ ఎర్ర గీతకూ మధ్య స్ప్రింటర్ల దారిలో నిదానంగా తిరగొద్దు. అలసిపోతే భుజం మీదుగా వెనక్కి చూసి నీలి గీత పైకి వెళ్లండి. నిలబడి స్టార్ట్ సాధన చేసేటప్పుడు, వచ్చేవాళ్లను చూసి కేక వేసేందుకు ఒకరు పక్కన ఉండి తీరాలి, ఆ మనిషి లేకపోతే ఆ రోజు స్టార్టులు మానేయండి.