మురుగునీటి శుద్ధి కేంద్రంపై హఠాత్తుగా భారం పెరిగినప్పుడు
గాలి అందుకుంటూ మాలిన్యాన్ని తినే సూక్ష్మజీవుల బురద (స్లడ్జ్)తో నీటిని శుద్ధిచేసే యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిలో నడిచే కేంద్రానికి భారం ఒక్కసారిగా పెరిగితే, పెరిగింది నీరా, అందులోని మాలిన్యమా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఒకదానికి చేసే చికిత్స రెండోదానికి హాని చేయవచ్చు. ప్రవాహం ఎగబాకి, కరిగిన ఆక్సిజన్ అంటే డీవో నిలకడగా ఉంటే అది సాధారణంగా వాననీటి పోటు. ప్రవాహంలో మార్పు లేకుండానే డీవో పడిపోయి, గాలి ఊదే బ్లోయర్లన్నీ నడిచినా కోలుకోకపోతే అది సేంద్రియ భారం, అంటే సూక్ష్మజీవులు తినే మాలిన్యం పెరగడం.

నీటి పోటులో అసలు ప్రమాదం గాలి ఊదే ఏరేషన్ ట్యాంకుకు కాదు, దాని తరువాత స్లడ్జ్‌ను అడుగుకు దించి నీటిని వేరుచేసే క్లారిఫయర్‌కు. అడుగున ఉండవలసిన స్లడ్జ్ పైకి లేచి, శుద్ధిచేసిన నీటితోపాటు పొర్లిపోతుంది. అలా పోయిన వాటిలో అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది కనుక, అది మళ్లీ నిలదొక్కుకోవడానికి వారాలు పట్టవచ్చు. అందువల్ల ఆ కొద్ది గంటలు నీటి నాణ్యత కాస్త తగ్గినా స్లడ్జ్‌ను కాపాడుకోవడమే ముఖ్యమని నా అభిప్రాయం. వచ్చే నీటిని కొంతసేపు నిలవచేసే ఈక్వలైజేషన్ ట్యాంకులో ఖాళీ ఉంటే నింపండి. వీలున్నచోట ముడినీటిని (వచ్చే మురుగునీటిని) ఏరేషన్ ట్యాంకు చివరి భాగాల్లోకి మళ్లిస్తే, తిరిగి వచ్చే స్లడ్జ్ మొదటి భాగాల్లో చిక్కగా నిలిచి, క్లారిఫయర్‌కు పలుచని మిశ్రమం వెళుతుంది. కంగారులో, క్లారిఫయర్ నుంచి స్లడ్జ్‌ను ఏరేషన్ ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పంపులను పూర్తిగా తెరవడం మాత్రం తరచుగా ఎదురుతిరుగుతుంది. ముడినీటి ప్రవాహానికి రిటర్న్ ప్రవాహం కూడా కలిసి క్లారిఫయర్ మీదే పడుతుంది.

స్లడ్జ్ సరిగా దిగడం లేదనిపిస్తే ఒక్కో లీటరు పట్టే జాడీలు రెండు తీసుకోండి. ఒకదానిలో ఏరేషన్ ట్యాంకు మిశ్రమాన్ని అలాగే పోసి, రెండోదానిలో దానికి సమానంగా శుద్ధిచేసిన నీరు కలిపి, 30 నిమిషాలు కదపకుండా ఉంచండి. పలుచన చేసిన జాడీలో స్లడ్జ్ మట్టం మొదటి జాడీలోని మట్టంలో సగం కంటే బాగా కిందికి దిగితే సమస్య స్లడ్జ్ మరీ ఎక్కువ కావడమే; సుమారు సగం దగ్గరే ఆగితే పీచులాంటి బాక్టీరియా పెరిగిందని అనుమానించాలి.

సేంద్రియ భారం వచ్చినప్పుడు డీవోను లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర నిలపడానికి ప్రయత్నించి, ఘాటైన నీటిని ఈక్వలైజేషన్ ట్యాంకు నుంచి కొంచెం కొంచెంగా వదలండి. స్లడ్జ్‌ను బయటికి తీయడం తాత్కాలికంగా తగ్గించండి. పరిశ్రమల వ్యర్థజలమైతే బీవోడీ (సేంద్రియ మాలిన్యాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్), నత్రజని, భాస్వరం 100:5:1 నిష్పత్తికి దగ్గరగా ఉన్నాయో లేదో చూడాలి.

బ్లోయర్ల వేగం మార్చకుండానే, భారం తగ్గకుండానే డీవో పెరుగుతూ ఉంటే సంతోషించకండి. ఆక్సిజన్ వాడుకునే జీవులు విషపదార్థం వల్ల మందగించి ఉండవచ్చు. వచ్చే నీటిని వెంటనే పక్క ట్యాంకుకు మళ్లించి, నమూనా తీసి పీహెచ్ చూసి, స్లడ్జ్ తీయడం ఆపి, మళ్లీ ఆక్సిజన్ వాడకం మొదలయ్యేవరకు ఆ నీటిని లోపలికి వదలకండి.