క్రోమ్ ప్లేటింగ్ షాపులో క్రోమియం లెక్క: బాత్ నుంచి బురద దాకా

సీసం, కాడ్మియం, క్రోమియం వంటి మూలకాలను కాల్చినా, కలిపినా, పలుచన చేసినా నాశనం కావు. రూపం మారుతుంది, చోటు మారుతుంది, అంతే. అందుకే ఇలాంటి వ్యర్థాలతో పని అంటే అసలు లెక్కల పని. గేటులోంచి లోపలికి వచ్చిన ప్రతి కిలో చివరికి ఎక్కడ తేలిందో చెప్పగలగాలి. బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట్ల చిన్న షెడ్లలో నడిచే, లోహపు సరుకు మీద కరెంటుతో క్రోమియం పూత వేసే క్రోమ్ ప్లేటింగ్‌ను తీసుకుని ఈ లెక్క ఎలా కట్టాలో, నీళ్లను ఎలా శుద్ధి చేయాలో చూద్దాం.

క్రోమియం ముఖ్యంగా రెండు రూపాల్లో ఎదురవుతుంది. క్రోమియం-6 పసుపు, నారింజ రంగుల్లో ఉంటుంది. నీళ్లలో తేలిగ్గా కరిగి భూమిలోకి ఇంకుతుంది. క్యాన్సర్ కారకమని రుజువైనది. పూత తొట్టి నుంచి లేచే దీని పొగమంచు పీల్చేవాళ్లకు ముక్కు దూలానికి రంధ్రం పడుతుంది, చేతుల మీద ఒక పట్టాన మానని పుండ్లు లేస్తాయి. క్రోమియం-3 ఆకుపచ్చగా ఉంటుంది, విషం చాలా తక్కువ, పీహెచ్ సరిగ్గా ఉంటే బురదగా కిందికి దిగిపోతుంది. శుద్ధి అంటే ఆరును మూడుగా మార్చి, నీళ్లలోంచి దింపి, ఆ బురదను మళ్లీ ఆరుగా మారకుండా కాపాడటం.

ముందు షాపంతా తిరిగి చూడండి

సరుకును ముంచి పూత వేసే ద్రావణపు తొట్టి, అంటే ప్లేటింగ్ బాత్‌లో లీటరుకు దాదాపు 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్, 2.5 గ్రాముల సల్ఫేట్ ఉంటాయి. క్రోమిక్ యాసిడ్ బరువులో 52 శాతం క్రోమియమే. అంటే ఒక్క లీటరు బాత్‌లో 130 గ్రాములు. బయటికి వదిలే నీళ్లలో క్రోమియం-6 లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. నేల మీద ఒలికిన ఒక్క లీటరును నీళ్లు కలిపి ఆ హద్దుకు తేవాలంటే 13 లక్షల లీటర్లు కావాలి. నీళ్లు కలిపి కాలువలోకి వదిలేద్దామనే ఆలోచన లెక్క దగ్గరే వీగిపోతుంది, పైగా అది నేరం.

బాత్, సరుకును కడిగే రిన్స్ తొట్లు అందరికీ కనిపిస్తాయి. కనిపించనివి ఇంకొన్ని ఉంటాయి. బాత్ అడుగున పేరుకునే పసుపు మడ్డి అలాంటిది. క్రోమ్ బాత్‌లో యానోడ్‌లు సీసం-తగరం లేదా సీసం-యాంటిమనీ మిశ్రమంతో చేసినవి కాబట్టి ఆ మడ్డిలో లెడ్ క్రోమేట్ ఉంటుంది, అంటే ఒకే ముద్దలో రెండు విషాలు. సల్ఫేట్ ఎక్కువైందని బేరియం కార్బొనేట్ వేస్తే దిగే తెల్లటి మడ్డి కూడా క్రోమేట్‌ను పట్టుకునే ఉంటుంది. తొట్టి అంచు దగ్గర పొగమంచును లాగేసే లిప్ ఎగ్జాస్ట్ డక్టుల లోపల గట్టిపడిన పొర, ఆ గాలిని కడిగే స్క్రబ్బర్ నీళ్లు, ఫిల్టర్ బట్టలు, ఖాళీ డ్రమ్ములు, తుడిచిన గుడ్డలు, తొట్టి చుట్టూ రంగు మారిన సిమెంటు, ఇవన్నీ జాబితాలోకి రావాలి. ఒలికిన క్రోమిక్ యాసిడ్ మీద రంపపు పొట్టు చల్లే అలవాటు చాలాచోట్ల ఉంది. అది అంటుకుంటుంది. ఇసుక లాంటి మండని పదార్థమే వాడండి.

లెక్క కట్టడం

ఒక నెలలో 25 కిలోల క్రోమిక్ యాసిడ్ వాడారనుకోండి. అందులో 13 కిలోల క్రోమియం ఉంది. మెరుపు కోసం పలుచగా వేసే డెకరేటివ్ ప్లేటింగ్‌లో పూత మందం 0.3 మైక్రాన్ అయితే చదరపు మీటరుకు పట్టేది 2.2 గ్రాములే. నెలకు 1000 చదరపు మీటర్ల పని చేసినా సరుకు మీద కూర్చున్నది 2.2 కిలోలు. మిగతా 10.8 కిలోలు సరుకుకు అంటుకుని రిన్స్‌లోకి పోయి ఉండాలి, లేదా గాలిలోకి, మడ్డిలోకి, నేలలోకి. అదంతా ఈటీపీకే, అంటే వ్యర్థజలాల శుద్ధి ప్లాంటుకే చేరితే ఎండు లెక్కన సుమారు 21 కిలోల క్రోమియం హైడ్రాక్సైడ్ అవుతుంది. బురదను ఒత్తి నీరు పిండే ఫిల్టర్ ప్రెస్ కేకులో నాలుగో వంతే ఘనపదార్థం అనుకుంటే 85 కిలోల కేకు. సున్నం వాడితే ఇంకా ఎక్కువ.

మీ రిజిస్టరులో ఆ నెల స్లడ్జ్ (బురద) 15 కిలోలని ఉంటే మిగిలిన క్రోమియం ఎటో పోతోంది. నేల పగుళ్లు, తొట్టి లీకు, చిమ్నీ, వాన నీటి కాలువ, ఈ నాలుగింటిని ఈ వరుసలోనే వెతకండి. అరుగుదల తట్టుకునేలా మందంగా పూత వేసే హార్డ్ క్రోమ్ వాళ్లకు లెక్క వేరు. 25 మైక్రాన్ల పూతకు చదరపు మీటరుకు 180 గ్రాములు సరుకు మీదే ఉండిపోతాయి కాబట్టి వృథా శాతం తగ్గుతుంది, కానీ పొగమంచు ఎక్కువ.

ఈ లెక్క చూశాక మొదట చేయాల్సిన పని కెమికల్స్ కొనడం కాదు, బాత్ బయటికి పోకుండా ఆపడం. ర్యాక్‌ను బాత్ మీదే 30 సెకన్లు ఆరనివ్వండి. పక్కనే పారని నీళ్ల తొట్టి ఒకటి పెట్టి, మొదటి ముంపు అందులోనే వేయండి. క్రోమ్ బాత్ 40 నుంచి 55 డిగ్రీల్లో నడుస్తుంది, రోజూ ఆవిరవుతుంది. ఆ లోటును ఈ తొట్టి నీళ్లతో నింపితే పోయే క్రోమియంలో పెద్ద భాగం వెనక్కి వస్తుంది. తర్వాతి రిన్స్‌లకు నీళ్లు ఎదురు వరుసలో రావాలి, అంటే శుభ్రమైన నీరు చివరి తొట్టిలో మొదలై ముందు తొట్టి వైపు పారాలి. ఒక జాగ్రత్త: తొట్టి నీళ్లు తిప్పి పోస్తుంటే ఇనుము, రాగి మలినాలు కూడా బాత్‌లో పెరుగుతాయి, అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి.

గుర్తించే పరీక్ష

కంటిని నమ్మకండి. పసుపు కనిపించాలంటే లీటరుకు కొన్ని మిల్లీగ్రాములైనా ఉండాలి. హద్దు 0.1. తేటగా మెరిసే నీళ్లలో హద్దుకు పదింతలు ఉండొచ్చు.

షాపులోనే చేసుకోగలిగిన పరీక్ష డైఫినైల్ కార్బజైడ్‌తో. 250 మిల్లీగ్రాముల పొడిని 50 మిల్లీలీటర్ల అసిటోన్‌లో కరిగించి గోధుమరంగు సీసాలో ఉంచండి. రంగు మారితే పారేసి కొత్తది చేసుకోవాలి. 100 మిల్లీలీటర్ల నమూనాను సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఆమ్లం చేసి, 2 మిల్లీలీటర్ల ద్రావణం కలిపి 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. క్రోమియం-6 ఉంటే గులాబీ నుంచి ఊదా రంగు వస్తుంది. పోల్చుకోవడానికి 141.4 మిల్లీగ్రాముల పొటాషియం డైక్రోమేట్‌ను లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కరిగిస్తే లీటరుకు 50 మిల్లీగ్రాముల క్రోమియం ఉన్న ద్రావణం వస్తుంది. అందులో 2 మిల్లీలీటర్లు తీసి లీటరు చేస్తే సరిగ్గా 0.1. మీ నమూనా దానికంటే ముదురుగా ఉంటే నీళ్లు వదలకూడదు.

ఈ పరీక్ష రెండు విధాలుగా మోసం చేస్తుంది. క్రోమియం మరీ ఎక్కువైతే రంగు మెరిసి మాయమవుతుంది; నమూనాను వంద రెట్లు పలుచన చేసి మళ్లీ చూడండి. శుద్ధిలో ఆరును మూడుగా మార్చడానికి వేసే మెటాబైసల్ఫైట్ ఎక్కువ పడి మిగిలిపోతే, యాసిడ్ కలపగానే అది క్రోమియం-6ను పరీక్షగొట్టంలోనే మూడుగా మార్చేసి రంగు రానివ్వదు. పరీక్ష చేసిన నీళ్లను సింకులో కాదు, రిడక్షన్ తొట్టిలోనే (ఆరును మూడుగా మార్చే తొట్టి) పోయండి.

శుద్ధి: 1000 లీటర్ల తొట్టి

క్రోమ్ రిన్స్ నీళ్ల పైపు, వేరే లోహాల ప్లేటింగ్ నుంచి వచ్చే సైనైడ్ నీళ్ల పైపు ఎక్కడా కలవకూడదు. క్రోమ్ నీళ్లలోని ఆమ్లం సైనైడ్‌కు తగిలితే హైడ్రోజన్ సైనైడ్ వాయువు పుడుతుంది, అది నిమిషాల్లో మనిషిని చంపుతుంది. నికెల్ నీళ్లు కూడా విడిగానే పెట్టండి, ఎందుకంటే నికెల్ దిగడానికి పీహెచ్ పది దగ్గర కావాలి, అక్కడ క్రోమియం మళ్లీ కరగడం మొదలవుతుంది.

1. లీటరుకు 100 మిల్లీగ్రాముల క్రోమియం-6 ఉన్న 1000 లీటర్లలో మొత్తం 100 గ్రాములు ఉంటుంది. ముందు నమూనా తీసి ఈ అంకె తేల్చుకోండి.

2. కలుపుతూ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను కొంచెం కొంచెంగా పోసి పీహెచ్‌ను 2 నుంచి 2.5కి తేండి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు. పీహెచ్ 2 దగ్గర చర్య పది నిమిషాల్లో అయిపోతుంది. 3 దగ్గర అరగంట పడుతుంది. 5 దగ్గర దాదాపు నడవదు. చాలా ఈటీపీలు ఫెయిలయ్యేది ఇక్కడే: యాసిడ్ మిగుల్చుకుని, మెటాబైసల్ఫైట్ రెట్టింపు పోస్తారు.

3. సోడియం మెటాబైసల్ఫైట్ వేయండి. లెక్క ప్రకారం ఒక గ్రాము క్రోమియంకు 2.75 గ్రాములు చాలు, వాడకంలో మూడున్నర నుంచి నాలుగు గ్రాములు పడుతుంది, అంటే ఈ తొట్టికి 350 నుంచి 400 గ్రాములు. ముందు నీళ్లలో కరిగించి పోయండి. కాలిన గంధకం వాసన గుప్పుమంటే పీహెచ్ 2 కంటే దిగిందని గుర్తు. అది సల్ఫర్ డయాక్సైడ్. ఆస్తమా ఉన్నవాళ్లను ఈ పనికి పెట్టకండి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఆగకూడదు.

4. రంగు పసుపు నుంచి ఆకుపచ్చకు మారాలి. మార్పు ఎంతవరకు వచ్చిందో చూపే ఓఆర్‌పీ మీటరు 250 నుంచి 300 మిల్లీవోల్టుల దగ్గర నిలవాలి. మీటరు ఎలక్ట్రోడ్‌ను వారానికోసారి కడగకపోతే అబద్ధం చెబుతుంది. ఇంకో 15 నిమిషాలు కలిపి డైఫినైల్ కార్బజైడ్ పరీక్ష చేయండి.

5. సున్నం పాలు లేదా కాస్టిక్ సోడా‌తో పీహెచ్‌ను 8.5కి పెంచండి. 9 దాటనివ్వకండి. సున్నంతో జిప్సం కూడా దిగుతుంది కాబట్టి బురద పెరుగుతుంది, కానీ త్వరగా కూర్చుంటుంది. కాస్టిక్‌తో బురద తక్కువ, జెల్లీలా ఉండి ప్రెస్‌లో సతాయిస్తుంది.

6. బురద రేణువుల్ని గడ్డలుగా చేర్చే పాలీఎలక్ట్రోలైట్ ద్రావణం లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల చొప్పున వేసి, నెమ్మదిగా తిప్పి వదిలేయండి. వేగంగా తిప్పితే గడ్డలు చిట్లిపోతాయి. రెండు నుంచి నాలుగు గంటల్లో పైన తేట నిలుస్తుంది.

మెటాబైసల్ఫైట్ బదులు చౌకని ఫెర్రస్ సల్ఫేట్ వాడేవాళ్లున్నారు. ఒక గ్రాము క్రోమియంకు 16 గ్రాములు కావాలి. ఇనుము కూడా దిగుతుంది కనుక బురద నాలుగింతలవుతుంది. బురదను తరలించడానికి టన్ను లెక్కన డబ్బు కట్టేవాళ్లకు అది చౌక కాదు.

తేట నీళ్లు వదిలేముందు మళ్లీ పరీక్ష చేయండి. మొత్తం క్రోమియం, నికెల్ వంటి వాటికి కాలుష్య నియంత్రణ మండలి మీకిచ్చిన కన్సెంట్ ఆర్డర్‌లో రాసిన అంకెలే హద్దు.

బురద మళ్లీ విషంగా మారే దారులు

ఆకుపచ్చ కేకు చేతికి వచ్చిందంటే పని అయిపోయిందనుకుంటారు. సైనైడ్ శుద్ధికి వాడిన హైపోక్లోరైట్ నీళ్లు ఈ బురద తొట్టిలో కలిస్తే, క్షార మాధ్యమంలో క్రోమియం-3 తిరిగి ఆరవుతుంది. సున్నంతో ఉన్న కేకును వేడిమీద ఎండబెట్టినా, ఇటుక బట్టీలో కాల్చినా అదే జరుగుతుంది. ఈ బురదను ఇటుకల్లో కలుపుతామని అడిగేవాళ్లకు ఇవ్వకండి. తమిళనాడులోని రాణిపేటలో మూతపడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలిన లక్ష టన్నులకు పైగా వ్యర్థం దశాబ్దాల తర్వాత కూడా చుట్టుపక్కల భూగర్భజలాన్ని పసుపు చేస్తూనే ఉంది.

2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఈ స్లడ్జ్ ప్రమాదకర వ్యర్థమే. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న సంచుల్లోనో, డ్రమ్ముల్లోనో నింపి, పైకప్పు కింద, నీరు ఇంకని నేల మీద, చుట్టూ గట్టు కట్టిన చోట పెట్టండి. లెడ్ క్రోమేట్ మడ్డిని ఈ కేకులో కలపకుండా వేరే డ్రమ్ములో ఉంచండి. ఫారం 8 లేబుల్ పసుపు రంగు మీద ఉండాలి, ప్రమాద హెచ్చరిక ఎర్ర అక్షరాల్లో, ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగులో కూడా రాయాలి. ఆ డ్రమ్మును రోజూ కదిపేది తెలుగు చదివే మనిషి, ఆ వరుస వదిలేయకండి. నిల్వ 90 రోజులు దాటకూడదు. ఏడాదికి పది టన్నుల లోపు వ్యర్థం వచ్చేవాళ్లకు మండలి 180 రోజుల దాకా పొడిగించవచ్చు.

తరలింపు అనుమతి ఉన్న సంస్థకే. హైదరాబాద్ వైపు దుండిగల్, విశాఖ వైపు పరవాడ కేంద్రాలున్నాయి. లారీ బయల్దేరేముందు ఫారం 10 మానిఫెస్టు (వ్యర్థంతో పాటు సాగే రవాణా పత్రం) ఏడు ప్రతులు నింపాలి. తెల్లది మండలికి పంపండి, డ్రైవరు సంతకం చేసిన పసుపు ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. వ్యర్థం చేరాక అందుకున్నవాళ్లు నీలం ప్రతిని మీకు తిరిగి పంపాలి. దాని మీది బరువును మీ గేటు తూకంతో, నెల లెక్కతో సరిచూడండి. నీలం ప్రతి రాకపోతే వెంటనే ఫోను చేసి కనుక్కోండి, రాతపూర్వకంగా మండలికి తెలపండి, అది వచ్చేదాకా ఆ లారీవాళ్లకు రెండో లోడు ఎత్తకండి.