గీక్ షో చేస్తున్నారా? ముందు మైకు సంగతి చూడండి

స్టూడెంట్ టీవీలో గీక్ షో (కామిక్స్, గేమ్‌లు, సినిమాల పిచ్చి ఉన్నవాళ్ల కార్యక్రమం) అనగానే అందరూ యాంకర్ కుర్చీ వైపే పరుగెడతారు. నేనైతే కొత్తవాళ్లని ముందు సౌండ్ దగ్గర కూర్చోబెడతాను. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే ఛానల్ మార్చేస్తారు. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టండి. అతిథి కాస్‌ప్లే (కామిక్స్, గేమ్ పాత్రల వేషం) వేసుకొస్తే ఆ ఫోమ్ కవచం మైకుకి రాసుకుని ఒకటే కరకర. అప్పుడు పొడవాటి కర్రకి కట్టి పైనుంచి పట్టుకునే బూమ్ మైకే దిక్కు. షూటింగ్ అయ్యాక ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా 30 సెకన్లు గది శబ్దం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో అతుకులు దాచడానికి పనికొస్తుంది. (నవ్వకుండా ఉండటమే కష్టం.)

గేమ్ నడుస్తున్న స్క్రీన్‌ని కెమెరాతో తీస్తే గీతలు పడొచ్చు, గేమ్ బొమ్మని కంప్యూటర్‌లోకి రికార్డు చేసే క్యాప్చర్ కార్డుతో నేరుగా తీసుకోండి. బోర్డ్ గేమ్‌కి పైనుంచి ఒక కెమెరా తప్పదు. పాచికలు ఎంత పడ్డాయో కనిపించకపోతే ఇంకేం మజా?

స్క్రిప్టు అభిమానులు రాస్తే సగం మాటలు పక్కవాళ్లకి అర్థం కావు. కామిక్స్ ముట్టని స్నేహితురాలికి చదివి వినిపించండి. తను ‘అంటే?’ అన్న ప్రతిచోటా ఒక్క వాక్యం చేర్చండి, రెండో వాక్యం వద్దు. సినిమా క్లిప్పులు, గేమ్ సంగీతం వాడాలంటే హక్కుల విషయం ఎడిటింగ్‌కి ముందే తేల్చుకోండి.