లీకు లేకుండానే టైరులో గాలి ఎందుకు తగ్గుతుంది?

సమస్య: మధ్యాహ్నం 33 పీఎస్‌ఐ (గాలి ప్రెషర్ కొలత) పెట్టించాం, తెల్లారేసరికి 30 కూడా లేదు

ముందు కారు నాలుగు టైర్లూ కొలవండి. అన్నిటిలో ఇంచుమించు ఒకేలా తగ్గితే పంచరని టెన్షన్ పడక్కర్లేదు, అది చలి వల్లే.

టైరు లోపలి చోటు దాదాపు మారదు. అందుకే లోపలి గాలి వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. ఆదిలాబాద్‌లో జనవరి మధ్యాహ్నం 30 డిగ్రీలు, తెల్లవారుజామున 10 డిగ్రీలు అనుకుందాం. 273 కలిపితే కెల్విన్‌లో (ఇలాంటి లెక్కలకు వాడే ఉష్ణోగ్రత కొలమానం) 303, 283. గేజు చూపేది బయటి గాలి ప్రెషర్‌కు పైన ఉన్నదే కాబట్టి 33కి 14.7 కలపాలి: 47.7. దాన్ని 283తో గుణించి 303తో భాగిస్తే 44.6. మళ్లీ 14.7 తీసేస్తే 29.9. గాలి రవ్వంత కూడా బయటికి పోలేదు!

పరిష్కారం: బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక కొలిచి, డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీదున్న అంకెకు పెట్టించండి. టైరు పక్కన అచ్చేసి ఉండేది గరిష్ఠ పరిమితి, అది చూసి నింపకూడదు. బంకు దూరమైతే ఇంటి దగ్గరే కొలవండి. నాలుగు తక్కువుంటే, బంకులో వేడి టైరు ఎంత చూపినా దానికి నాలుగు కలిపి పెట్టమనండి.

సమస్య: హైవే మీద ఆగి చూస్తే 37 చూపిస్తోంది

దయచేసి గాలి తీయించకండి. పరుగుకి టైరు వేడెక్కింది, అంతే. ఇప్పుడు 33కి దించితే చల్లబడ్డాక దాదాపు 29కి పడిపోతుంది. గాలి తక్కువున్న టైరు పక్కగోడలు ఎక్కువగా వంగుతూ ఇంకా వేడెక్కుతాయి. మే నెల ఎండలో, నిండా లోడుతో టైర్లు పేలడానికి ఇదో పెద్ద కారణం. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని వెళ్తున్నప్పుడు ఈ ఒక్క పొరపాటు జరగనివ్వకండి.

నైట్రోజన్ నింపిస్తే ఈ మార్పు ఉండదంటారు. ఉంటుంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

సమస్య: ఒక్క టైరులోనే తగ్గుతోంది

ఇది లీకే. వాల్వు మీద, రిమ్ము అంచున సబ్బునీళ్లు పోసి బుడగలు చూడండి. వాల్వు దగ్గర వస్తే లోపలి పిన్ను మార్పిస్తే సరిపోతుంది. మేకు కనిపిస్తే అక్కడే పీకేయకుండా పంచరు షాపుకు తీసుకెళ్లండి.