తుఫానుల కాలానికి ముందు: పెద్ద మోకులను కాచే సన్నతాళ్ల విషయంలో జాగ్రత్తలు

రేవులో ఓడను పట్టి ఉంచిన మోకు తుఫానులో తెగిందంటే, చాలాసార్లు అది ఇనుప అంచుకు ఒరుసుకున్న జానెడు మేర అరిగిపోయి, ఆ ఒక్క చోటే తెగి ఉంటుంది. మిగతా మోకంతా కొత్తదానిలా ఉన్నా ప్రయోజనం లేదు. అందుకే గాలులు మొదలుకాక ముందే ఆ జానెడు జాగాలను వెతికి పట్టుకుని, వాటిని సన్నతాళ్లతో, గుడ్డతో కప్పి ఉంచాలి.

ముందుగా, మోకు ఓడ అంచున ఉన్న రంధ్రం గుండా బయటికి వచ్చే చోటును, గుంజ చుట్టూ తిరిగే చోటును, మరో మోకును తాకే చోటును చేతితో తడిమి చూడాలి. అక్కడి ఇనుము తుప్పుపట్టి గరుకుగా ఉంటే, దానిని నున్నగా రుద్దకుండా మోకుకు ఎన్ని చుట్లు చుట్టినా అవి నిలవవు.

నిరుడు చుట్టిన చుట్టు చూడటానికి గట్టిగా ఉంది కదా అని వదిలేయడం నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు. నారతాడు లోపల చేరిన తేమ బయటికి పోలేక, పై చుట్టు చెక్కుచెదరకుండానే లోపలి పేటలను కుళ్లబెడుతుంది. ఉక్కుతాడైతే లోలోపలే తుప్పు పడుతుంది. కాబట్టి అనుమానం ఉన్న చోట కొంత మేర విప్పి, పేటలను కొద్దిగా విడదీసి లోపలి రంగునూ వాసననూ చూడాలి. పోగులు పొడిలా రాలితే ఆ మోకును పక్కన పెట్టాలి.

నారమోకుకు కొత్తగా చుట్టేటప్పుడు పాత నావికుల పద్ధతినే పాటించడం మేలు. మోకును రెండు గుంజల మధ్య నడుమెత్తున బిగించి, మొదట పేటల మధ్య గాడుల్లో పురి తిరిగిన వైపుకే సన్నతాడును నింపాలి. ఇది గుండ్రదనం కోసమే కాదు, గాడుల్లో నీరు నిలవకుండా ఉండటానికి కూడా. తరువాత తారు పట్టించిన పాత కాన్వాసు గుడ్డ పట్టీలను అదే దిశలో ఒకదానిపై ఒకటి ఎక్కేలా చుట్టాలి. ఏటవాలుగా ఉండే తాడుకైతే కింది నుంచి పైకి చుట్టాలి, అప్పుడు ఇంటికప్పు పెంకుల మీద మాదిరిగా నీరు జారిపోతుంది. ఆపైన మర్లైన్ అనే, రెండు పోగులతో పేని తారు పట్టించిన సన్నతాడును పురికి ఎదురుదిశలో, సందు లేకుండా చుట్టాలి. బరువు పడినప్పుడు మోకు పురి విప్పుకోబోతుంది కనుక, ఎదురుదిశ చుట్టు అప్పుడు మరింత బిగుస్తుంది. ఈ చుట్టును వట్టి చేతితో కాకుండా, కింద గాడి ఉన్న కొయ్య సుత్తితో బిగించాలి. ఒకరు సుత్తిని తిప్పుతుంటే మరొకరు తాడు ఉండను అదే వేగంతో మోకు చుట్టూ తిప్పితే చుట్టు సమంగా వస్తుంది. మర్లైన్ దొరకనప్పుడు వదులుగా పేనిన స్పన్‌యార్న్ వాడవచ్చు, కాని అది త్వరగా అరుగుతుంది.

నైలాన్ మోకుల సంగతి వేరు. బరువు పడినప్పుడు నైలాన్ సాగి సన్నబడుతుంది కనుక, దానిపై ఎంత గట్టిగా చుట్టిన సన్నతాడైనా వదులై జారిపోతుంది. అంతేకాక సాగి ముడుచుకునే కొద్దీ లోపల వేడి పుడుతుంది. మామూలు నైలాన్ రకాలు సుమారు 220 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతాయి, అంతకు చాలా ముందే బలం కోల్పోతాయి. తొడుగుగా వేసే బిగుతైన రబ్బరు గొట్టం ఆ వేడిని లోపలే బంధిస్తుంది. నీరు లోనికి చొరబడే మందపాటి గుడ్డ తొడుగు వేసి, దాని రెండు చివర్లనూ పురికొసతో మోకు పేటల సందులోకి కుట్టి నిలబెట్టడమే సరైన పని.

గాలి మొదలయ్యాక మోకును అప్పుడప్పుడు కొద్దిగా వదిలి, ఒరుసుకునే చోటు మారేలా చూడాలి. అయితే ఆ పని గాలి తగ్గి, మోకు వదులైన క్షణంలోనే చేయాలి. బిగిసిన మోకుకు తిన్నగా ఎదురుగా గానీ, దాని మెలిక లోపల గానీ ఎవరూ నిలబడకూడదు. తెగిన నైలాన్ మోకు వెనక్కి కొట్టే దెబ్బకు మనిషి ప్రాణం పోగలదు. తొడుగు జారిపోతున్నట్టు కనిపించినా, ఆ సమయంలో చేయి పెట్టకుండా ముందు పక్కన రెండో మోకు వేసి, బరువును దానిమీదికి మళ్లించిన తరువాతే మొదటిదాన్ని సరిచేయాలి.