గుయ్యిమంటూ తిరగని సంపు మోటారు: నా అనుభవం

చెన్నై వేళచ్చేరిలో మా ఇంటి అర హెచ్‌పీ సంపు మోటారు స్విచ్ వేస్తే గుయ్యిమనడమే తప్ప తిరిగేది కాదు. ట్యాంకుకు నీళ్లెక్కక రెండు రోజులు ఒకటే టెన్షన్. వోల్టేజీ చూశాం, స్విచ్ మార్చాం, సంపులో పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ కడిగాం, లాభం లేదు.

మెయిన్ ఆపి, మోటారు వెనక ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది. అంటే ఎక్కడా పట్టేయలేదు. అప్పుడు అనుమానం కెపాసిటర్ (చార్జిని నిలవ చేసే చిన్న భాగం) మీదికి పోయింది. సింగిల్ ఫేజ్ మోటారులో రెండో వైండింగ్ (తీగ చుట్ట) కరెంటు ఫేజ్‌ను జరిపి, మొదటి ఊపునిచ్చేది అదే.

కరెంటు ఆపినా అందులో చార్జి మిగిలి ఉండొచ్చు, గట్టి షాక్ కొడుతుంది. దయచేసి ఈ ఒక్క పనీ వదిలేయకండి: పాత ఫిలమెంట్ బల్బు వైర్లను దాని రెండు కొసలకూ కాసేపు తాకించి ఖాళీ చేశాను. కనెక్షన్ ఫొటో తీసుకుని విప్పాను. కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ పెడితే, 10 మైక్రోఫారడ్లని రాసి ఉన్నది 3.8 చూపించింది, అంటే కెపాసిటర్ బలహీనపడిపోయింది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో అదే 10, అదే 440 వోల్టుల ఏసీ రకం తెచ్చాను. దీనికి ప్లస్, మైనస్ ఉండవు. బిగించి స్విచ్ వేయగానే మోటారు అందుకుంది.

వైండింగ్ కాలినా, బేరింగ్ పట్టేసినా కెపాసిటర్ మార్చి లాభం లేదు. మీ మోటారుకు కెపాసిటర్ విలువ వేరే ఉండొచ్చు, పాతదాని మీద చూసే కొనండి.